పతనం అని ఎవరన్నారు? – స్లై స్టోన్ బృందం చివరి రికార్డులు

అణగారిన జాతుల కళాకారుల చరిత్రని రెండే అధ్యాయాల్లో రాసేస్తుంటారు. మొదటి అధ్యాయం పేరు ప్రతిభ, రెండోదాని పేరు పతనం. మొదటిది దేవుడిచ్చిందంటారు. రెండోది వాడు చేజేతులా తెచ్చుకున్నదంటారు. ఈ రెంటి మధ్యా కంపెనీ కనపడదు, కాంట్రాక్టు కనపడదు, పోలీసు కనపడడు, పాటని కొన్న మార్కెట్టూ కనపడదు. కళాకారుడొక్కడే మిగుల్తాడు, బోనులో నిలబడి.

స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ అనే అమెరికన్ సోల్, ఫంక్ బృందం గురించి ఇంగ్లీషులో బోలెడు రాశారు. దాదాపు అన్నీ ఒకటే కథ చెప్తాయి. 1968 నుంచి 1971 దాకా ఆకాశమంత ఎత్తు, 1973లో చివరి మెరుపు, ఆ తర్వాత కొకైన్, ఎగ్గొట్టిన కచేరీలు, నాసిరకం రికార్డులు, అంతే. 1974 తర్వాత వచ్చిన రికార్డులకి ఒక్కో పేరా దక్కటం కూడా కష్టమే. నాయకుడు స్లై స్టోన్ 2025 జూన్ 9న 82 ఏళ్ల వయసులో చనిపోయాడు. అప్పుడు వచ్చిన నివాళి వ్యాసాల్లో కూడా చాలావాటిది ఇదే వరస.

ఈ వ్యాసం ఆ వదిలేసిన రికార్డుల గురించి. అవన్నీ గొప్పవని వాదించటానికి కాదు. కొన్ని నిజంగానే బలహీనమైనవి. కానీ ఒక బృందం పాట బలహీనపడటమంటే ఏంటి? ఎవరి చెయ్యి తప్పుకుంటే అది బలహీనపడింది? ఆ నష్టాన్ని ఎవరి ఖాతాలో రాశారు? ఈ ప్రశ్నలు వేసుకోకపోతే మనం రాసేది చరిత్ర కాదు, ఎఫ్ఐఆర్ అవుతుంది.

1. రేవు పట్నం, చర్చి, రేడియో

స్లై అసలు పేరు సిల్వెస్టర్ స్టీవర్ట్. 1943 మార్చి 15న టెక్సాస్ రాష్ట్రం డెంటన్‌లో పుట్టాడు. కొద్ది కాలానికే కుటుంబం కాలిఫోర్నియాలోని వలేహోకి వలసొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో టెక్సాస్, లూజియానా పల్లెల నుంచి లెక్కలేనంత మంది నల్లవాళ్లు పశ్చిమ తీరానికి వలసపోయారు. వలేహోలో మేర్ ఐలండ్ నౌకాదళ కర్మాగారం ఉండేది. పనికి మనుషులు కావాలి. పని దొరికింది, కానీ వివక్ష కూడా వాళ్ల వెంటే వచ్చింది.

ఆ ఊరి చరిత్రలో ఒక సంఘటన చెప్పుకోవాలి. దగ్గర్లోనే ఉన్న పోర్ట్ చికాగో రేవులో 1944 జులై 17న ఓడల్లోకి మందుగుండు ఎక్కిస్తుండగా పేలుడు జరిగి 320 మంది చనిపోయారు. వాళ్లలో మూడింట రెండొంతులు నల్లజాతి నావికులు. ఆ ప్రమాదకరమైన పని నల్లవాళ్లకే పెట్టేవాళ్లు. తెల్ల అధికారులు అజమాయిషీ చేసేవాళ్లు. మూడు వారాలకి బతికినవాళ్లని వలేహో తీసుకొచ్చి మళ్లీ అదే పని చెయ్యమంటే రెండు వందల యాభై మందికి పైగా నిరాకరించారు. వాళ్లలో 50 మంది మీద తిరుగుబాటు నేరం మోపి శిక్షలు వేశారు. నౌకాదళం వాళ్లని నిర్దోషులని ప్రకటించింది 2024 జులైలో, అంటే 80 ఏళ్లకి. స్లై పెరిగిన ఊరు అది.

ఇంట్లో అందరూ చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ సభ్యులు. పేద నల్లవాళ్లు ఎక్కువగా ఉండే పెంతెకొస్తు చర్చి అది. పెద్ద చర్చిలు సిగ్గుపడే తంబూరిన్, డ్రమ్ము, గిటారు అక్కడ ఆరాధనలో భాగం. ఒళ్లు ఊగకుండా దేవుణ్ని పిలవటం వాళ్లకి తెలీదు. 1952లో, తొమ్మిదేళ్ల వయసులోనే, సిల్వెస్టర్ తన తోబుట్టువులతో కలిసి ఒక భక్తిగీతాల రికార్డు చేశాడు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో బేలో నల్లవాళ్ల రేడియో స్టేషన్ కేఎస్ఓఎల్‌లో పాటలు వేసే ఉద్యోగం చేశాడు. నల్లవాళ్ల స్టేషన్‌లో బీటిల్స్, బాబ్ డిలన్ పాటలు కూడా కలిపి వేసేవాడు. ఆటమ్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీలో నిర్మాతగా 1964-65 నాటికే తెల్ల కుర్రాళ్ల బృందాలకి రికార్డులు చేసిపెట్టాడు. ఇరవై రెండేళ్లు నిండకుండానే స్టూడియోలో తెల్లవాళ్ల పాటని దిద్దే స్థానంలో ఒక నల్ల యువకుడు కూర్చున్నాడు. ‘సహజ ప్రతిభ’ అనే మాట దగ్గరే ఆగిపోయేవాళ్లకి ఈ చదువు కనపడదు.

2. కుటుంబం అన్న మాటకి అర్థం

1966-67లో బృందం ఏర్పడింది. స్లై, తమ్ముడు ఫ్రెడ్డీ గిటారు, బేస్ గిటారుకి ల్యారీ గ్రాహమ్, ట్రంపెట్‌కి సింథియా రాబిన్‌సన్, శాక్సఫోన్‌కి జెర్రీ మార్టీనీ, డ్రమ్స్‌కి గ్రెగ్ ఎరికో. 1968లో చెల్లెలు రోజ్ పియానోకి చేరింది. మార్టీనీ, ఎరికో తెల్లవాళ్లు. సింథియా నల్ల స్త్రీ. పాట పాడటానికో పక్కన నిలబడి ఊగటానికో కాదు, ట్రంపెట్ వాయించటానికి వచ్చింది. అప్పటి బృందాల్లో ఇది చాలా అరుదు.

ఆ సంవత్సరం గుర్తుంచుకోవాలి. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పెళ్లి చేసుకోవటాన్ని నిషేధించే చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1967 జూన్‌లో. అప్పటికి 16 రాష్ట్రాల్లో ఆ చట్టాలున్నాయి. అదే సంవత్సరం ఈ ఏడుగురిలో ఆరుగురు ‘కుటుంబం’ అని పేరు పెట్టుకుని వేదిక ఎక్కారు. వర్ణాంతర సహజీవనం మీద ఉపన్యాసం చెప్పలేదు, కలిసి వాయించి చూపించారు.

వాళ్ల వాయిద్యంలో కొత్తదనం ఎక్కడుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ల్యారీ గ్రాహమ్ చిన్నప్పుడు తల్లితో కలిసి క్లబ్బుల్లో వాయించేవాడు. డ్రమ్ము వాయించేవాడు లేని లోటు తీర్చటానికి బేస్ తీగల్ని బొటనవేలితో కొట్టేవాడు, చూపుడువేలితో లాగి వదిలేవాడు. బొటనవేలి దెబ్బ పెద్ద డ్రమ్ము, లాగిన తీగ చిన్న డ్రమ్ము. మన డప్పుకి కుడిచేతి చిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల ఎట్లాగో అట్లా, ఒకే మనిషి చేతిలో బరువు దరువూ తేలిక దరువూ రెండూ. లేమి నుంచి పుట్టిన ఈ పద్ధతి తర్వాత ప్రపంచమంతా బేస్ గిటారు వాయించే తీరునే మార్చేసింది. ఫంక్ అంటే ఇదే: రాగం వెనక్కి తగ్గుతుంది, దరువు ముందుకొస్తుంది, ప్రతి వాయిద్యమూ డప్పు అవుతుంది.

1969 ఫిబ్రవరిలో ‘ఎవ్రీడే పీపుల్’ దేశంలో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ ఏడాది వేసవిలో హార్లెమ్ ఉత్సవంలో నల్లవాళ్ల ముందూ, ఆగస్టులో వుడ్‌స్టాక్‌లో లక్షలాది తెల్ల యువత ముందూ బృందం వాయించింది. వుడ్‌స్టాక్ సినిమా 1970లోనే ప్రపంచమంతా తిరిగింది. హార్లెమ్‌లో తీసిన ఫిల్ము మాత్రం యాభై ఏళ్లు నేలమాళిగలో పడి ఉండి 2021లో ‘సమ్మర్ ఆఫ్ సోల్’గా బయటికొచ్చింది. ఒకే బృందం, ఒకే వేసవి. ఏ ప్రేక్షకుల ముందు వాయించింది చరిత్రయ్యిందో, ఏది అటకెక్కిందో చూడండి.

3. 1971: పండుగ ముగిసిన తెల్లారి

మార్టిన్ లూథర్ కింగ్‌ని 1968 ఏప్రిల్‌లో చంపారు. 1969 డిసెంబర్‌లో చికాగోలో బ్లాక్ పాంథర్ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్‌ని పోలీసులు మంచం మీదే కాల్చి చంపారు. బృందంలోంచి తెల్లవాళ్లని తీసెయ్యమని పాంథర్ల నుంచి స్లై మీద ఒత్తిడి వచ్చిందని బృందం చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. ఇంకోపక్క కంపెనీ కొత్త రికార్డు కోసం తొందరపెడుతోంది. కొకైన్, ఇతర మత్తుమందులు అప్పటికే బృందంలోకి వచ్చేశాయి. 1970లో ఒప్పుకున్న కచేరీల్లో దాదాపు మూడో వంతు ఎగ్గొట్టాడు. ఆ ఏడాది జులై 27న చికాగో గ్రాంట్ పార్క్‌లో ఉచిత కచేరీ మొదలవకముందే గొడవ చెలరేగి వంద మందికి పైగా గాయపడ్డారు. బృందం వాయించనేలేదు, అయినా నింద దాని మీదే పడింది.

1971 నవంబర్‌లో ‘దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్’ వచ్చింది. కలిసి వాయించటం తగ్గిపోయింది. ఎరికో అప్పటికే వెళ్లిపోయాడు. అతని బదులు ఒక చిన్న డ్రమ్ యంత్రం. స్లై ఒక్కడే ఒకదాని మీద ఒకటిగా అన్నీ వాయించి, చెరిపి, మళ్లీ వాయించి, టేపు అరిగిపోయేదాకా పనిచేశాడు. అందుకే ఆ రికార్డు మసకబారినట్టు వినపడుతుంది. రికార్డుకి పేరిచ్చిన పాట నిడివి సున్నా నిమిషాల సున్నా సెకన్లని అట్ట మీద అచ్చేశారు. అంటే పాట లేదు, మౌనమే ఉంది. అయినా రికార్డు మొదటి స్థానానికి వెళ్లింది. తెల్ల విమర్శకులు దీన్ని కళాఖండమన్నారు. నిజంగానే కళాఖండం. కానీ ఒక జాతి నిరాశని కళాఖండమని మెచ్చుకున్నవాళ్లు, ఆ నిరాశలోనే ఉన్న మనిషి తర్వాత ఏమైపోయాడని అడగలేదు.

4. ఫ్రెష్, స్మాల్ టాక్

1972లో ల్యారీ గ్రాహమ్ కూడా వెళ్లిపోయాడు. గొడవలు కొట్లాటల దాకా వచ్చాయి. స్లై చుట్టూ చేరిన మనుషుల వల్ల తోటివాళ్లు భయపడి బతికిన మాట నిజం. దీన్ని దాచిపెట్టక్కర్లేదు. గ్రాహమ్ తన సొంత బృందం ‘గ్రాహమ్ సెంట్రల్ స్టేషన్’ పెట్టుకున్నాడు.

1973లో వచ్చిన ‘ఫ్రెష్’లో డ్రమ్స్ ఆండీ న్యూమార్క్, బేస్ రస్టీ ఆలెన్. దరువు ఇంకా సన్నగా, ఇంకా మెలికలు తిరిగి ఉంటుంది. మొదటి పాటలో డ్రమ్ యంత్రం ఒకపక్క, మనిషి ఒకపక్క వాయిస్తుంటే ఎవరు ఎవర్ని వెంబడిస్తున్నారో తెలీదు. మైల్స్ డేవిస్ ఆ పాటని తన వాద్యకారుల చేత పదే పదే వినిపించాడని చెప్పుకుంటారు. రికార్డు పాప్ చార్టులో 7వ స్థానం, సోల్ చార్టులో మొదటి స్థానం. స్లై దీన్ని కూడా మిక్స్ చేసి మళ్లీ మళ్లీ మార్చాడు. ఎంతగా మార్చాడంటే, 1991లో సీడీ వేసేటప్పుడు కంపెనీ పొరపాటున వేరే మిక్స్‌లున్న టేపుని అచ్చేసింది. జనం చేతికి ఇంకో ‘ఫ్రెష్’ వచ్చింది. సోమరి, బాధ్యత లేనివాడు అని పేరుపడ్డ మనిషి ఒకే పాటని ఇన్నిసార్లు ఎందుకు దిద్దాడు? మత్తు అనే ఒక్క జవాబు దీనికి సరిపోదు.

1974 జూన్ 5న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, టికెట్లు కొన్న 20 వేల మందికి పైగా జనం ముందు స్లై, క్యాథీ సిల్వాలకి పెళ్లి జరిగింది. జులైలో ‘స్మాల్ టాక్’ వచ్చింది. అట్ట మీద స్లై, భార్య, పసిబిడ్డ. మొదటి పాటలో ఆ బిడ్డ ఏడుపు కూడా వినపడుతుంది. సిడ్ పేజ్ వయోలిన్ కొత్తగా చేరింది. ‘కుటుంబం’ అన్న మాట అర్థం ఇక్కడ మారిపోయింది. 1967లో కుటుంబమంటే రక్తం, రంగు, ఆడమగ తేడాలు దాటిన ఆరుగురు. 1974లో కుటుంబమంటే మొగుడు, పెళ్లాం, బిడ్డ. రాజకీయ స్వప్నం కుంచించుకుపోయి పడకగదిలోకి వెళ్లింది. ఇది స్లై ఒక్కడి సంగతి కాదు, ఆ దశాబ్దంలో ఎంతోమంది ఇట్లాగే వీధి నుంచి ఇంట్లోకి వెళ్లారు. ఆ ఇల్లూ నిలవలేదు. తర్వాత వాళ్లు విడిపోయారు.

రికార్డు పాప్ చార్టులో 15వ స్థానం దాకా పోయింది. ఇది చెత్త రికార్డు అనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఇందులోని ‘లూజ్ బూటీ’ దరువునే 1989లో బీస్టీ బాయ్స్ అనే తెల్ల కుర్రాళ్ల ర్యాప్ బృందం తమ పాటకి పునాదిగా వాడుకుంది. పారేసిన రికార్డులోంచి ఏరుకున్న దరువు కొత్త తరానికి సరుకైంది.

1975 జనవరిలో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో కచేరీలు పెడితే ఎనిమిదో వంతు సీట్లు కూడా సరిగ్గా నిండలేదు. బృందం అక్కడే విడిపోయింది.

5. కొలబద్ద ఎవరిది?

ఇక్కడ ఆగి చార్టుల గురించి మాట్లాడుకోవాలి. ఎందుకంటే పతనం అని అందరూ లెక్కగట్టేది వాటితోనే.

అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక నల్లవాళ్ల పాటలకి విడిగా ఒక జాబితా వేసేది. 1942లో దాని పేరు హార్లెమ్ హిట్ పరేడ్. 1945లో ‘రేస్’ రికార్డులు అన్నారు. 1949లో రిథమ్ అండ్ బ్లూస్ అన్నారు. 1969లో సోల్. 1982లో బ్లాక్. 1990లో మళ్లీ ఆర్ అండ్ బీ. పేరు మారుతూ వచ్చింది, వాడ మాత్రం విడిగానే ఉంది. పంచములు, ఆది ఆంధ్రులు, హరిజనులు, ఎస్సీలు అని పేర్లు మోసినవాళ్లకి ఈ సంగతి వేరే వివరించక్కర్లేదు. పక్కనే ‘పాప్’ అనే జాబితా. దానికి జాతి పేరు అక్కర్లేదు, ఎందుకంటే అది ‘అందరిదీ’.

1975లో స్లై తన ఒక్కడి పేరుతో ‘హై ఆన్ యూ’ రికార్డు తెచ్చాడు. అందులో పేరుపాట పాప్ చార్టులో 52వ స్థానంలో ఆగిపోయింది. అదే పాట సోల్ చార్టులో 3వ స్థానానికి వెళ్లింది. అంటే ఏంటి? చరిత్రకారులు పతనమని రాసిన సంవత్సరంలో నల్లవాళ్లు ఆ పాట వింటున్నారు, ఆడుతున్నారు. వెళ్లిపోయింది తెల్ల శ్రోతలు. వాళ్లు వెళ్లిపోవటాన్నే కళాకారుడు పడిపోవటమని రాశారు. ‘స్మాల్ టాక్’ సంగతీ అంతే, సోల్ చార్టులో మొదటి అయిదింటిలో ఉంది.

కానీ ఈ వాదనని ఎక్కడిదాకా లాగాలో కూడా మనకి తెలియాలి. 1976లో ‘హర్డ్ యా మిస్డ్ మీ, వెల్ ఐయామ్ బ్యాక్’ వచ్చింది. పేరు మళ్లీ స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్, మనుషులు మాత్రం వేరు. అట్ట మీద స్లై ఒక్కడే ఒంటినిండా వాయిద్యాలు తగిలించుకుని, వీధుల్లో ఆడించేవాడిలాగ నవ్వుతూ నిలబడతాడు. ఆ బొమ్మే నిజం చెప్పేసింది. ఏడుగురు చేసిన పని ఒక్కడు మోస్తున్నాడు. ఈ రికార్డు ఏ చార్టులోకీ రాలేదు. నల్లవాళ్లు కూడా కొనలేదు. ఎందుకు కొనాలి? అప్పటికి జార్జ్ క్లింటన్ పార్లమెంట్ బృందం, ఎర్త్ విండ్ అండ్ ఫైర్, ఒహాయో ప్లేయర్స్, గ్రాహమ్ సొంత బృందం అందరూ స్లై భాషలోనే ఇంకా గట్టిగా మాట్లాడుతున్నారు. నేర్పినవాడు వెనకబడ్డాడు, నేర్చుకున్నవాళ్లు ముందుకెళ్లారు. వ్యక్తి పరంగా అది పతనం కావచ్చు, జాతి సంగీతం పరంగా అది వ్యాప్తి. ఈ రెండూ ఒకే కాలంలో జరిగాయి.

కంపెనీ లెక్క కూడా చూడాలి. స్లై రికార్డులు వేసిన ఎపిక్ సంస్థ సీబీఎస్‌ది. 1972లో కొలంబియా రికార్డ్స్ కోసం హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్లు సోల్ సంగీతం మార్కెట్ మీద ఒక నివేదిక తయారుచేశారు. ఆ నివేదికని ఎంతవరకు అమలుచేశారన్న దాని మీద పరిశోధకుల్లో వాదనలున్నాయి. కానీ ఆ కాలంలోనే సీబీఎస్ ఫిలడెల్ఫియా ఇంటర్నేషనల్ లాంటి నల్లవాళ్ల లేబుల్స్‌తో ఒప్పందాలు చేసుకుంది, కొలంబియా ఎర్త్ విండ్ అండ్ ఫైర్‌ని తీసుకుంది. 1975 నాటికి కంపెనీ దగ్గర నల్ల సంగీతం సరఫరాకి వేరే దారులున్నాయి. చెప్పినమాట వినని ఒక్కడి మీద ఆధారపడే అవసరం తీరిపోయింది. 1976 రికార్డు తర్వాత ఎపిక్ అతన్ని వదిలేసింది. పైగా 1979లో అతని పాత పాటలకే డిస్కో దరువు అతికించి ‘టెన్ ఇయర్స్ టూ సూన్’ అని అమ్మింది. మనిషి అక్కర్లేదు, సరుకు కావాలి.

6. వార్నర్ రెండు రికార్డులు

1979లో వార్నర్ బ్రదర్స్ ‘బ్యాక్ ఆన్ ద రైట్ ట్రాక్’ వేసింది. తప్పుదారి పట్టినవాడు మళ్లీ దారికొచ్చాడని పేరులోనే క్షమాపణ. ఫ్రెడ్డీ, రోజ్, సింథియా వంటి పాతవాళ్లు కొంత సాయం పట్టారు. పాప్ చార్టులో 152వ స్థానం. వింటే చెడ్డగా ఏమీ ఉండదు, కానీ భయపడుతూ చేసినట్టుంటుంది. పాత పాటల్లో ఎవరు ఎప్పుడు అరుస్తారో తెలియని ఉత్సాహం ఉండేది. ఇక్కడ అందరూ తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. ఆ సంవత్సరమే జులై 12న చికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల్ని గుట్టపోసి పేల్చారు. డిస్కోవే కాదు, నల్లవాళ్ల సోల్ రికార్డులు కూడా తెచ్చి ఆ గుట్టలో వేశారని అక్కడ పనిచేసిన నల్లవాళ్లు చెప్పారు. ఆ గాలిలో నల్లవాళ్ల నాట్య సంగీతాన్ని ఏ రాక్ రేడియో వేస్తుంది?

1981లో ఫంకడెలిక్ రికార్డులో జార్జ్ క్లింటన్‌తో కలిసి పనిచేశాడు. ఇద్దరూ కలిసి ఒక రికార్డు చెయ్యాలనుకున్నారు. క్లింటన్‌కి, వార్నర్‌కి చెడింది. స్లై పని మధ్యలో వదిలేసి ఎటో వెళ్లిపోయాడు. నిర్మాత స్టూవర్ట్ లెవిన్ ఉన్న టేపులు అతికి 1982లో ‘ఎయింట్ బట్ ద వన్ వే’ పూర్తిచేశాడు. ఆ పేరుతో వచ్చిన చివరి రికార్డు అది. నాయకుడు లేకుండా నాయకుడి రికార్డు. అప్పటికి ఎంటీవీ మొదలై ఏడాది దాటింది. 1983లో మైకేల్ జాక్సన్ గేటు తెరిచేదాకా నల్లవాళ్ల వీడియోలకి అందులో దాదాపు చోటే లేదు.

1980ల్లో స్లై పలుమార్లు అరెస్టయ్యాడు. ఒక పోలిక చెప్పుకుందాం. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ 1977లో టొరంటోలో హెరాయిన్‌తో దొరికాడు. శిక్ష ఏంటంటే, అంధుల కోసం ఒక ఉచిత కచేరీ. అతని మత్తు ఇప్పటికీ సరదా కథగా, తిరుగుబాటు గుర్తుగా చెప్పుకుంటారు. స్లై మత్తు మాత్రం గుణపాఠమైంది. మత్తు ఒకటే, చర్మం వేరు.

అట్లాగని స్లై తప్పుల్ని జాతి పేరుతో కడిగెయ్యటం నా ఉద్దేశం కాదు. డబ్బుపెట్టి టికెట్ కొని, గంటల తరబడి ఎదురుచూసి ఇంటికిపోయిన జనంలో నల్లవాళ్లూ ఉన్నారు. జీతం కోసం ఎదురుచూసిన వాద్యకారులూ ఉన్నారు. సింథియా రాబిన్‌సన్ మాత్రం 1975 తర్వాత కూడా అతను పిలిచినప్పుడల్లా ట్రంపెట్ పట్టుకుని వెళ్లింది. 2015 నవంబర్‌లో చనిపోయేదాకా ఆ పాటల్ని మోసింది. మేధావి పతనం గురించి పుస్తకాలొచ్చాయి. పతనం అంచున నిలబడి వాయించిన ఈ స్త్రీ మీద ఒక్కో వాక్యం రాసి ఊరుకున్నారు. మన చరిత్ర రచన కూడా ఈ తప్పు నుంచి తప్పించుకోలేదు.

7. సంతకాలు

పాట పాడినవాడిది అనుకుంటాం. చట్టం అట్లా అనుకోదు. పాట మీద హక్కు ఒకటి, రికార్డు మీద హక్కు ఇంకొకటి. స్టూడియో ఖర్చు కంపెనీ పెడుతుంది, కానీ దాన్ని కళాకారుడి రాయల్టీలోంచి తిరిగి లాక్కుంటుంది. రికార్డు అమ్ముడైనా బాకీ తీరేదాకా చేతికేమీ రాదు. పాలేరు అప్పు గురించి తెలిసినవాళ్లకి ఈ లెక్క కొత్తకాదు. అట్లాంటప్పుడు కచేరీ డబ్బే బతుకుతెరువు. కచేరీ ఎగ్గొడితే అదీ పోతుంది.

1970లోనే స్లై ‘స్టోన్ ఫ్లవర్’ పేరుతో సొంత లేబుల్ మొదలుపెట్టాడు. పంపిణీ అట్లాంటిక్ సంస్థది. చెల్లెలు వెట్ పాడిన ‘లిటిల్ సిస్టర్’ బృందం రికార్డులు దాంట్లోనే వచ్చాయి. అది ఒకటి రెండేళ్లు కూడా నడవలేదు. 1984లో అతని పాటల ప్రచురణ హక్కులు మైకేల్ జాక్సన్ సంస్థ కొనుక్కుంది. 1989లో తన రాయల్టీలన్నీ ఒక నిర్మాణ కంపెనీకి రాసిచ్చాడు, అందులో వాటా వస్తుందని. 2011లో అతను లాస్ ఏంజిలిస్‌లో ఒక వ్యాన్‌లో బతుకుతున్నట్టు పత్రికల్లో వచ్చింది. రాయల్టీల కోసం వేసిన దావాలో 2015లో జ్యూరీ అతనికి 50 లక్షల డాలర్లు ఇమ్మంది. ఆ తర్వాత న్యాయమూర్తి, 1989లో సంతకం పెట్టాడు కాబట్టి ఆ డబ్బు అతనికి రాదని తేల్చాడు.

ఇదే కాలంలో ఆ పాటల ముక్కలు ఎక్కడెక్కడ పనిచేస్తున్నాయో చూడండి. 1989లో జానెట్ జాక్సన్ ‘రిథమ్ నేషన్’లో, 1990లో ఎల్ఎల్ కూల్ జే పాటలో, 1992లో అరెస్టెడ్ డెవలప్‌మెంట్ పాటలో ఆ దరువులూ బాణీలూ మళ్లీ పలికాయి. పతనమైపోయాడన్న మనిషి శ్రమ ఒక్కరోజు కూడా ఆగకుండా సంపద పుట్టిస్తూనే ఉంది. ఆ సంపద అతని ఇంటికి రాలేదు, అంతే. దీన్ని పతనమనాలా, మరేమైనా అనాలా?

8. మనకెందుకు

1972లో బొంబాయిలో దళిత యువకులు తమ సంస్థకి పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. నల్లవాళ్ల పోరాటంతో మనకున్న చుట్టరికం ఆనాటిది, అంతకుముందుది కూడా. 1946లోనే అంబేద్కర్ డూబాయిస్‌కి ఉత్తరం రాశాడు. కానీ ఆ చుట్టరికంలో మనం ఎక్కువగా తెచ్చుకున్నది గెలుపుల కథలు, పిడికిలి ఎత్తిన ఫొటోలు. ఓడిపోయిన సంవత్సరాల్ని, అలిసిపోయిన గొంతుల్ని తెచ్చుకోలేదు.

ఉద్యమం పైకి లేచినప్పుడు పాటగాడు కావాలి, డప్పు కావాలి. సభ ముగిశాక అతను ఏ ఊరి బస్సెక్కాడో, ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో ఎవరికీ పట్టదు. పదేళ్ల తర్వాత తాగుతున్నాడని తెలిస్తే, ‘ఒకప్పుడు బాగా పాడేవాడు’ అంటాం. ఆ ఒక్క మాటతో మనం కూడా రెండధ్యాయాల చరిత్రే రాస్తున్నాం. ఆధిపత్య సమాజం రాసినదానికీ మనం రాసినదానికీ అప్పుడు తేడా ఏముంది?

స్లై 2023లో తన ఆత్మకథ తెచ్చాడు. అతని మీద 2025లో వచ్చిన డాక్యుమెంటరీ నల్లజాతి మేధ మోయాల్సిన బరువు గురించి మాట్లాడింది. ఆలస్యంగానైనా ఆ చర్చ మొదలైంది. మన దగ్గర అది ఇంకా మొదలవ్వాలి. దానికి చెయ్యాల్సిన మొదటి పని చిన్నదే. పాటగాళ్ల చివరి పాటలు కూడా సేకరించాలి. గొంతు పోయాక పాడినవి, ఎవరూ క్యాసెట్ వెయ్యనివి, దరువు తప్పినవి కూడా. ఆ తప్పిన దరువుల్లోనే ఎవరి చెయ్యి ఎప్పుడు వదిలిపోయిందో నమోదై ఉంటుంది.